సారవ్వ చలువ

గోదావరిఖనిలోని ఆ కార్మికుల క్వార్టర్ల వరుసలో ఎవరికి ఏ నలత వచ్చినా ముందు సారవ్వ గడప తొక్కి, ఆ తర్వాతే దవాఖాన మెట్లు ఎక్కేవారు. సారవ్వ నాడి చూడదు, నాలుక చూడదు. మనిషిని ఎగాదిగా చూసి "వేడి చేసింది" అంటుంది. ఇక దాని మీద అప్పీలు లేదు. కంటికి కురుపు లేస్తే వేడి, ముక్కు నుంచి రక్తం కారితే వేడి, మొగుడూ పెళ్లాం పొద్దున్నే జుట్లు పట్టుకుంటే అదీ వేడే. లోకంలో ఉన్న తిండి అంతటినీ ఆమె రెండు గంపలకు ఎత్తేసింది. గుడ్డు, మాంసం, మామిడిపండు, బెల్లం, నువ్వులు ఒక గంప. మజ్జిగ, సబ్జా, బీరకాయ, దోసకాయ, తాటిముంజలు రెండో గంప. మొదటి గంపలోది తిని చెడిపోయినవాణ్ని రెండో గంపలోది పెట్టి బాగుచేయడమే వైద్యం.

చాలాసార్లు బాగయ్యేవారు కూడా. రామగుండం ఎండకు మజ్జిగ తాగితే ఎవరికి హాయిగా ఉండదు? కానీ ఆ మాట సారవ్వతో అనే ధైర్యం ఆ వరుసలో ఎవరికీ లేదు.

ఆమెది మంథని వైపు పల్లె. పెళ్లయి ఇక్కడికి వచ్చేనాటికి మొగుడు తీతు ఇక్కడి బాయిలో బొగ్గు నింపే పనిలో ఉన్నాడు. బొగ్గు గనిని ఇక్కడ బాయి అనే అంటారు. భూమి లోపలి వేడినంతా ఒంట్లో నింపుకుని, ఎర్రబడ్డ కళ్లతో పైకి వచ్చే ఆ మనిషిని చల్లార్చడమే సారవ్వ కాపురం. కుండలో అంబలి, నానబెట్టిన మెంతులు, తలకు ఆముదం. తాటికల్లు కూడా చలువ కోసమేనని తీతు చెప్పేవాడు. చలువ కోసం మొదలైన ముంత కాస్తా పూటకు నాలుగయింది. ఇల్లు గుల్లయ్యేలోపు సారవ్వే అతణ్ని చర్చికి ఈడ్చుకుపోయి, బాప్తిస్మం ఇప్పించి, పాస్టరు ముందు ముంత మాన్పించింది. అప్పటి నుంచి ఆమె కల్లు మీద కత్తి కట్టింది. చర్చి స్త్రీల సమాజానికి పెద్ద అయింది. ఆరాధనలో ఏ మగవాడి దగ్గరైనా వాసన తగిలితే వాక్యం నడుస్తుండగానే వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపుకు జడిసి ఇద్దరు ముగ్గురు చర్చికి రావడం మానేశారు గాని కల్లు మానలేదు.

ఒంట్లో బాగాలేదని బొగ్గు కంపెనీ ముందే రిటైరు చేసిన కొన్నాళ్లకే తీతు పోయాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని డాక్టర్లు అన్నారు. సారవ్వ నమ్మలేదు. అన్నేళ్ల బాయి వేడిని తాను పూర్తిగా దించలేకపోయానని, దించగలిగి ఉంటే మనిషి దక్కేవాడని ఆమెకు గట్టిగా మనసులో పడిపోయింది. పాపం, అది ప్రేమే. కానీ ఆ ప్రేమే తర్వాత ఇంటి మీదికి వచ్చింది.

తండ్రి ఉద్యోగం కొడుకు శాంతిరాజ్‌కు వచ్చింది. కోడలు కెరోలిన్ మందమర్రి పిల్ల, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. వాళ్లకు ఒక్కతే కూతురు, ఎవాంజెలిన్. పాస్టరు పెట్టిన ఆ పేరు సారవ్వ నోట పలకక "ఏంజలు" అయి కూర్చుంది. పిల్లకు ఆరేళ్లు. నాయనమ్మను బాపమ్మా అని పిలుస్తూ ఆమె కొంగు వదిలేది కాదు.

పోయిన వానాకాలంలో ఏంజలు కాళ్ల మీద దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు లేచాయి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. సారవ్వ వేడి అంది, సబ్జా నీళ్లు పోసింది. కెరోలిన్ మాత్రం ఆగలేదు. కంపెనీ దవాఖానలో రక్తం చూసి ఆ రోజే హైదరాబాదుకు పంపారు. అక్కడ రక్త కాన్సర్ అని తేల్చారు. పిల్లల్లో చాలామందికి నయమయ్యే రకమేనని పెద్ద డాక్టరు ధైర్యం చెప్పాడు. ధైర్యంతోపాటు ఒక షరతు కూడా చెప్పాడు.

"మందు ఆగకుండా పడాలి. మధ్యలో ఆగితే జబ్బు మళ్లీ తల ఎత్తుతుంది. ఆగకుండా పడాలంటే పిల్ల బరువు నిలబడాలి. కాబట్టి మా పని సగమే. మిగతా సగం మీ వంటింట్లో ఉంది."

కెరోలిన్ ఉద్యోగం మానేసింది. గట్టిగా ఉడికించిన గుడ్డు, మెత్తగా చిదిమిన కోడిమాంసం, నెయ్యి వేసిన పప్పన్నం, కాచి చల్లార్చిన నీళ్లు. పచ్చిది ఏదీ లేదు, బయటిది ఏదీ లేదు. జుట్టు రాలిపోయినా పిల్ల బుగ్గలు నిలిచాయి. ఆ గుడ్లు, ఆ కోడికూర చూసినప్పుడల్లా సారవ్వకు గుండెల్లో దడ పుట్టేది.

"ఎక్కిచ్చే మందే నిప్పాయె. దాని మీద గుడ్లు గూడ పెడితే పోరి ఏమైతదే?" అనేది.

"డాక్టరు చెప్పిండు అత్తమ్మా," అనేది కోడలు.

సారవ్వ నోరు మూసుకునేది. నోరు మూసుకున్నవాళ్లంతా ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో వాళ్లు అనుకున్నారు.

ఏప్రిల్ చివర్లో కెరోలిన్‌కు జ్వరం వచ్చి, అది తగ్గినా దగ్గు వదల్లేదు. దగ్గు పూర్తిగా పోయేదాకా పిల్ల దగ్గరికి రావద్దని డాక్టరు ఫోనులోనే ఖండితంగా చెప్పాడు. ఆమె ఏడుస్తూ మందమర్రిలోని తల్లిగారింటికి పోయింది. ఆ విడత మందు ఎక్కించడానికి, తర్వాత వారానికి చూపించడానికి శాంతిరాజ్‌తో సారవ్వే హైదరాబాదు వెళ్లింది. చూపించడానికి వెళ్లిన రోజు ఏంజలు నోరంతా పూసి ఉంది. మాట్లాడినా మంటే, మింగినా మంటే.

శాంతిరాజ్ మందుల కోసం వరుసలో నిలబడ్డాడు. పిల్లల తిండి సంగతి చూసే మేడం, చిన్న వయసు అమ్మాయి, ఏంజలు నోట్లో లైటు వేసి చూసింది. బయట ఇంకా చాలామంది తల్లులు కూర్చుని ఉన్నారు.

"బాగా పూసిందమ్మా. వేడివి అస్సలు పెట్టకండి. నోరు మానేదాకా చల్లనివే పెట్టండి. మిగతావన్నీ మీ కోడలికి తెలుసు."

సారవ్వ తన చెవులను తానే నమ్మలేదు. "వేడియి వద్దా అమ్మా?"

"అస్సలొద్దు."

"సల్లయే పెట్టాల్నా?"

"చల్లనివే."

మేడం చెప్పింది పొయ్యి మీది నుంచి దించిన తిండి సంగతి. పొగలు కక్కే అన్నం పుండు మీద పడితే మండుతుంది కాబట్టి ఆరబెట్టి పెట్టమని ఆమె ఉద్దేశం. "ఆరబెట్టి" అన్న ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. సారవ్వ విన్నది తన రెండు గంపల సంగతి. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ అన్నది ఒకే మాట. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పెద్ద డాక్టరు శాంతిరాజ్‌తో ఇంకో మాట చెప్పాడు. రక్తంలో రోగాలతో పోట్లాడే తెల్లకణాలు బాగా పడిపోయాయని, ఒళ్లు వెచ్చబడిందంటే ఒక్క నిమిషం ఆగకుండా దగ్గరి దవాఖానకు తేవాలని. తిరుగు ప్రయాణంలో శాంతిరాజ్ ఆ మాట తల్లికి చెప్పాడు.

"అమ్మా, పోరి ఒళ్లు కాలినట్టు అనిపిస్తే నాకు జల్ది ఫోన్ చెయ్యాలె. బాయిల ఉన్నా చెప్పి పంపాలె. ఇన్నవా?"

"ఇన్న, ఇన్న," అంది సారవ్వ. ఆమె నిజానికి వినలేదు. ఇన్నాళ్లూ తాను మొత్తుకున్నదే నిజమని హైదరాబాదు దవాఖాన ఒప్పుకుందన్న సంతోషంలో ఉంది. ఒళ్లో నిద్రపోతున్న పిల్ల బోడిగుండు నిమురుతూ దేవునికి స్తోత్రాలు చెల్లించింది.

మరునాడు ఇంట్లో ఉన్న గుడ్లన్నీ పక్కింటికి వెళ్లిపోయాయి. కోడిమాంసం తేవద్దని కొడుకుతో చెప్పింది. నెయ్యి డబ్బా అటక ఎక్కింది. ఏంజలుకు పొద్దున పలచటి అంబలి, మధ్యాహ్నం మజ్జిగలో కలిపిన రెండు ముద్దలు, సాయంత్రం సబ్జా నీళ్లు. బజారు నుంచి తాటిముంజలు తెప్పించి గోటితో ఒలిచి పెట్టింది. పచ్చి దోసకాయ తురిమి పెట్టింది. చల్లగా, జారుడుగా ఉన్నవి కాబట్టి పూసిన నోటికి హాయిగానే ఉన్నాయి. పిల్ల నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి సారవ్వకు కడుపు నిండిపోయింది. నిండాల్సింది పిల్ల కడుపు.

కెరోలిన్ రోజూ ఫోను చేసేది. "ఏం తింటుంది అత్తమ్మా?"

"ఆ మేడం చెప్పినట్టే పెడుతున్న బిడ్డా. అన్నీ సల్లయే."

"మంచిది. నాకు గూడ గట్లనే చెప్పిండ్రు. సల్లయే పెట్టు."

"నువ్వు ఫికర్ చెయ్యకు."

తల్లి నిశ్చింతగా ఫోను పెట్టేసేది. శాంతిరాజ్ మొదటి షిఫ్టు డ్యూటీకి చీకటితోనే పోయి, వచ్చి తిని పడుకునేవాడు. పిల్ల గౌను భుజాల మీది నుంచి జారుతోందని అతను గమనించాడు. "బక్కగైంది కదనే" అంటే, "నోరు మాననీ, తింటది" అంది సారవ్వ. అది నమ్మదగిన మాటే. నమ్మాడు.

మే ఎండలు ముదిరాయి. ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్లు జరిపే వేళకు కిటికీ రెక్కలు గలగలమనేవి. ఇదివరకు ఆ చప్పుడుకు చెవులు మూసుకుని గంతులు వేసే పిల్ల ఇప్పుడు కళ్లు కూడా తెరవడం లేదు. మెడ కింద ఎముకలు బయటపడ్డాయి. నోరు మానుతున్నట్టే ఉండి మళ్లీ పూస్తోంది. మానడానికి ఒంట్లో సరుకు ఉంటే కదా! సారవ్వకు భయం పట్టుకుంది. భయపడినప్పుడు మనిషి తనకు తెలిసినదాన్నే ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. చలువ చాలడం లేదు, ఇంకా పెద్ద చలువ కావాలి అనుకుంది. తాను ఎరిగినవాటిలో అన్నిటికన్నా పెద్ద చలువ ఏదో ఆమెకు తెలుసు. తెలిసినందుకు సిగ్గుపడింది కూడా.

రాయమల్లు పక్క ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు దించుతాడు. పొద్దున్నే సైకిలు మీద కాలనీ చివరి దాకా వస్తాడు. తీతు బతికున్న రోజుల్లో సారవ్వ అతణ్ని గుమ్మంలోంచి తరిమికొట్టింది. అలాంటి సారవ్వ కొంగు కింద స్టీలు టిఫిను డబ్బాతో ఎదురుపడేసరికి రాయమల్లు సైకిలు దిగి అటూ ఇటూ చూశాడు.

"ఏంది సారక్కా, తొవ్వ తప్పినవా?"

"ఎకసెక్కాలు వద్దు తమ్మీ. ఇప్పుడే దించింది ఉంటే గింత పొయ్యి. తియ్యటిది కావాలె."

"ఎవలకు?"

"మా పోరికి. ఒళ్లు నిప్పుల కుంపటైంది."

రాయమల్లు ముఖంలో నవ్వు పోయింది. "ఆ పిల్లకా? దవాఖానోళ్లను అడిగినవా అక్కా?"

"వాళ్లే చెప్పిండ్రు, సల్లయి పెట్టుమని."

అతను కుండ వంచాడు. తన పిల్లలకూ ఎండాకాలం పొద్దుటి కల్లు పట్టించినవాడే, కాదనడానికి అతనికేం తోచలేదు. సారవ్వ డబ్బా మూత బిగించి, పాస్టరమ్మ ఇంటి ముందు నుంచి కాక వెనక సందులోంచి ఇంటికి వచ్చింది. ఏంజలు తియ్యగా ఉందని గ్లాసు ఖాళీ చేసింది. చాలా రోజులకు ఖాళీ అయిన గ్లాసు అది. ఆ తర్వాత రోజూ ఆ వెనక సందు నడకే. ఫోనులో కోడలికి ఎప్పటిలాగే అన్నీ సల్లయేనని చెప్పేది, కల్లు పేరు మాత్రం ఎత్తేది కాదు. స్త్రీల సమాజం పెద్ద ఇంట్లో కల్లు అంటే ఊరు నవ్వుతుందన్న భయం తప్ప, పిల్లకు కీడు చేస్తున్నానన్న ఆలోచన ఆమె కలలో కూడా లేదు.

ఒక మంగళవారం పొద్దున ఏంజలు గ్లాసు సగంలోనే వదిలేసింది. "చలి పెడుతుంది బాపమ్మా," అంది. మేలో, ఆ ఊళ్లో చలి! సారవ్వ చెయ్యి వేసి చూసింది. ఒళ్లు వెచ్చగా ఉంది. కొడుకు చెప్పిన మాట చెవిలో మెదిలింది. వెంటనే ఆమె సొంత లెక్క దాన్ని తోసేసింది. ఇన్నాళ్లకు చలువ లోపలికి దిగింది, దిగి లోపలి వేడిని బయటికి తరుముతోంది, అందుకే ఒళ్లు కాలుతోంది, ఇది మంచికే. తడిగుడ్డ నుదుట వేసి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. గుడ్డ ఆరిపోయింది, మళ్లీ తడిపింది. మళ్లీ ఆరిపోయింది. మధ్యాహ్నానికి పిల్ల పిలిస్తే పలకడం మానేసింది. పెదవుల చుట్టూ నీలంగా ఉంది. ఓపెన్‌కాస్టు పేలుడుకు గోడలు అదిరాయి. పిల్ల ఉలిక్కిపడలేదు. అప్పుడు సారవ్వ ఒంట్లో నిజంగా చలి పుట్టింది. ఫోను వెతుకుతుండగానే డ్యూటీ దిగిన శాంతిరాజ్ గుమ్మంలోకి వచ్చాడు.

కూతుర్ని ముట్టుకుని అతను అరిచిన అరుపుకు వరుసంతా బయటికి వచ్చింది.

"ఎప్పటిసంది అమ్మా? ఎప్పటిసంది కాలుతుంది?"

"పొద్దుగాలసంది," అంది సారవ్వ.

అతను పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తాడు. దగ్గరి దవాఖానలో సూది మందు మొదలుపెట్టి, అదే ఊపున తండ్రితో, బాపమ్మతో కలిపి అంబులెన్సులో హైదరాబాదు పంపారు. మందమర్రి నుంచి కెరోలిన్ నేరుగా అక్కడికే వచ్చింది. అప్పటికి దగ్గు పోయింది, ముఖానికి మాస్కు ఉంది. అద్దం వెనక గొట్టాల మధ్య పడుకున్న కూతుర్ని చూసి ఆమె ఏడవలేదు. "ఇంత బక్కగెట్లైంది?" అని మాత్రం అడిగింది, ఎవరినని లేకుండా.

మందు రెండు రోజులు పడినా జ్వరం దిగలేదు. పెద్ద డాక్టరు ముగ్గుర్నీ ఆ అద్దం ఇవతలి గదిలోకి పిలిచాడు. రక్తంలో ఏదో సూక్ష్మజీవి చేరిందని, అది ఏమిటో పరీక్షలో తేలేసరికి ఆలస్యం కావచ్చని చెప్పి, "పిల్ల ఏం తింది? ఏం తాగింది? ఒక్కటీ వదలకుండా చెప్పండి. దాన్నిబట్టి మందు మార్చాలి," అన్నాడు.

సారవ్వ అంబలి చెప్పింది, మజ్జిగ చెప్పింది, పచ్చి దోసకాయ, ముంజలు చెప్పింది. పక్కనే కూర్చున్న తిండి మేడం రాసుకోవడం ఆపింది.

"గుడ్లు? చికెన్?"

"వేడియి వద్దంటివి కదా బిడ్డా. సల్లయే పెట్టుమంటివి."

మేడం ముఖం పాలిపోయింది. "ఆరబెట్టి పెట్టమని నా ఉద్దేశం అమ్మా," అంది. కెరోలిన్ తాను రోజూ ఫోనులో అన్న మాట గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇంకేమైనా?" అన్నాడు డాక్టరు.

ఇంకా ఒకటి ఉంది. ఇరవై ఏళ్లుగా ఏ మాట మీద తన పెద్దరికం నిలబడిందో, ఆ మాట మీదే ఇప్పుడు నీళ్లు పోయాలి, అదీ కొడుకు, కోడలి ముందు. సారవ్వ అద్దం వైపు చూసింది. పిల్ల ఛాతీ పక్షి పిల్లలా ఎగిరెగిరి పడుతోంది.

"కల్లు పోసిన సారూ," అంది. "తాటికల్లు. రోజు పొద్దుగాల."

శాంతిరాజ్ లేచి బయటికి వెళ్లిపోయాడు. డాక్టరు మాత్రం కోప్పడలేదు, అప్పటికప్పుడు ఇంకో మందు రాశాడు. "అదే కారణమని ఇప్పుడే చెప్పలేను. కానీ కల్లును పులియబెట్టే సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి ఉంటే, మేం ఇస్తున్న మందు వాటి మీద పనిచేయదు. చెప్పడం మంచిదైంది," అన్నాడు. సారవ్వకు ఆ చివరి మాట ఓదార్పు కాలేదు. ఒళ్లు కాలిన పొద్దున్నే చెప్పి ఉంటే, మొదటి రోజే అడిగి ఉంటే అని ఆమె లోపల ఒక రంపం తిరుగుతూనే ఉంది.

వారం గడిచేసరికి జ్వరం దిగింది. దిగింది గాని గండం గడవలేదు. పిల్లలో తూకం లేదు. ఈ ఒంటికి తర్వాతి విడత మందు ఎక్కిస్తే మందే పిల్లను తీసుకుపోతుందని, ఎక్కించకుండా ఎక్కువ రోజులు ఊరుకుంటే జబ్బు ఊరుకోదని డాక్టరు చెప్పాడు. నోటితో తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పంపాలన్నాడు. ఏంజలు ఏదీ తినడం లేదు. తల్లి గిన్నె తెస్తే మొహం గోడకు తిప్పుకుంటోంది. గొట్టం మాట విని ఏడవడానికి కూడా దానికి ఓపిక లేకపోయింది.

ఆ రోజుల్లో సారవ్వ వరండాలో బల్ల మీదే ఉండేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగనూ లేదు. కెరోలిన్ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటిది ఆ మధ్యాహ్నం గిన్నె పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. గిన్నెలో పప్పన్నంలో చిదిమిన గుడ్డు, నెయ్యి.

"నీ చేతుల తింటదట," అంది.

"వద్దు బిడ్డా. నా చేతులు మంచియి కావు."

"నాకు తెల్వదా?" కెరోలిన్ గిన్నె ముందుకు చాపింది. "గొట్టం ఏస్తరంట అత్తమ్మా. నిన్నే అడుగుతుంది. లే."

సారవ్వ చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. నర్సు మళ్లీ కడగమంటే మళ్లీ కడుక్కుంది. మంచం పక్కన కూర్చుని గిన్నెలోకి చూసింది. ఆమె బుద్ధి ఏమీ మారిపోలేదు. డాక్టర్లు చెప్పినంత మాత్రాన గుడ్డు చలువైపోతుందా? అరవై ఏళ్లుగా ఆమె ఎరిగిన గుడ్డు నిప్పే, నెయ్యి నిప్పు మీద నిప్పే. ఈ పుండ్ల నోట్లో, ఈ ఎముకల గూట్లో తన చేత్తో తానే అది పెట్టాలి. కానీ తన లెక్క పిల్లను ఎక్కడిదాకా తెచ్చిందో కళ్ల ముందే కనిపిస్తోంది. ముద్ద కలిపి, ఆరిందో లేదో తన పెదవికి తాకించి చూడబోయి, అది కూడా చేయకూడదని గుర్తొచ్చి ఆగింది.

"మండుతదా బాపమ్మా?" అంది ఏంజలు.

ఆ పిల్ల తల్లి మాట నమ్మలేదు, డాక్టరు మాట నమ్మలేదు. ఈ ప్రశ్న అడగడానికే బాపమ్మను పిలిపించుకుంది.

"మండది బిడ్డా," అంది సారవ్వ. తాను నమ్మని మాట తిండి విషయంలో ఆమె నోట రావడం అదే మొదటిసారి. "నోరు తెరువు."

ఏంజలు నోరు తెరిచింది. మింగేదాకా, మింగాక కూడా, సారవ్వ ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది, మంట ఎక్కడ లేస్తుందోనని. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, చేతులు మైలపడతాయని మానుకుని, కన్నీళ్లు కారుతుండగానే రెండో ముద్ద కలిపింది.